చెల్లో వాయించే పిల్లల తల్లిదండ్రులకు, తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉత్తర అమెరికా తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, బడి ఆర్కెస్ట్రాల్లో చెల్లో వాయిస్తున్న పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

నేను న్యూజెర్సీలో చాలా ఏళ్లుగా చెల్లో నేర్పుతున్నాను. వయొలిన్ కుటుంబానికే చెందిన, కూర్చుని కమానుతో వాయించే పెద్ద తీగ వాద్యం అది. నాలుగో తరగతిలోనో ఐదో తరగతిలోనో బడివాళ్లు ఏదైనా ఒక వాద్యం ఎంచుకోమన్నప్పుడు, వయొలిన్ల వరుస అప్పటికే నిండిపోయిందనో, ఆ లోతైన నాదం నచ్చిందనో చెల్లో పట్టుకున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నింటిలోనూ కనిపిస్తున్నారు. వారిలో కొందరు ఏడెనిమిదేళ్ల సాధనతో ప్రాంతీయ, రాష్ట్ర స్థాయి యువ ఆర్కెస్ట్రాల ముందు వరుసలో కూర్చునేంతగా ఎదుగుతున్నారు. సరిగ్గా అప్పుడే, పదకొండో తరగతి సగంలో, ఇంచుమించు ఒకే మాట నాకు వినిపిస్తుంది: “మాస్టారూ, కాలేజీ దరఖాస్తుకు కావలసినంత అయింది, ఇక ఆపేద్దామనుకుంటున్నాం.” ఆ మాట అనే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. పరాయి దేశంలో పిల్లల బతుకు స్థిరపడాలని కోరుకోవడం తప్పు కాదు. కానీ ఆ మాట పిల్లలను అడగకుండా వస్తోంది, చెల్లో వాదకుల జీవితం ఎలా ఉంటుందో ఒక్కసారైనా తెలుసుకోకుండా వస్తోంది. నా బాధ దాని గురించే.

మీ పిల్లలందరినీ సంగీతకారులను చేయమని నేను అడగడం లేదు. నా దగ్గర నేర్చుకున్నవారిలో ఎక్కువమంది ఇతర వృత్తుల్లోకి వెళ్లి, సాయంత్రాలు చెల్లో వాయించుకుంటూ సంతోషంగా ఉంటారు, ఉండాలి కూడా. నేను మాట్లాడేది, తరగతికి ఒకరో ఇద్దరో ఉండే, ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే లేచి సాధన చేసే, వాయించడం ఆపమంటే ముఖం వాడిపోయే పిల్లల గురించి. అలాంటి పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే ముందు, ఈ దారిలో నడిచినవారి జీవితాలను కాస్త దగ్గరగా చూడమని కోరుతున్నాను.

అన్నిటికంటే ముందుగా చెప్పవలసిన జీవితం చెల్లో మహావిద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ది. ఆయన 1876 డిసెంబరు 29న స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో ఎల్ వెండ్రెల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి కార్లెస్ ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. కొడుక్కి తొలి గురువు ఆయనే. పదకొండేళ్లప్పుడు ఊరికి వచ్చిన ఒక బృందంలో జోసెప్ గార్సియా చెల్లో వాయించగా విని, ఆ పిల్లవాడు తనకు ఆ వాద్యమే కావాలన్నాడు. తండ్రి మాత్రం కొడుకును వడ్రంగం పనికి పెట్టాలనుకున్నాడు. సంగీతమంటే ఇష్టం లేక కాదు, సంగీతాన్ని నమ్ముకుంటే ఇల్లు ఎలా గడుస్తుందో తన అనుభవంలోనే చూసినవాడు కనుక. తల్లి పిలార్ ఒప్పుకోలేదు. కొడుకులో ఉన్నదేమిటో ఆమెకు కనిపించింది. ఇంట్లో గొడవలైనా వెనక్కి తగ్గక, 1888లో అతన్ని బార్సిలోనా నగరపాలక సంగీత పాఠశాలలో చేర్పించింది.

అక్కడ అతను పగలు చదువుకుంటూ, సాయంత్రాలు ఒక కెఫేలో ముగ్గురి బృందంలో వాయించి రోజుకు నాలుగు పెసెటాలు సంపాదించేవాడు. ఆ కాలంలో చెల్లో విద్యార్థి కుడి చంక కింద పుస్తకం పెట్టుకుని, అది జారిపోకుండా కమాను లాగాలి. అంటే మోచేయి ఒంటికి అతుక్కుపోయి ఉండాలి. ఆ పిల్లవాడికి అది అసహజంగా తోచింది. చేతిని స్వేచ్ఛగా కదలనిచ్చి, ఎడమచేతి వేళ్ల మధ్య ఎడం పెంచుకుని, తనకు తానే ఒక పద్ధతి తయారు చేసుకున్నాడు. ఈ రోజు మీ పిల్లలకు నేను చెప్పే చేతి కదలికల్లో చాలా భాగం పన్నెండు, పదమూడేళ్ల ఆ కుర్రవాడి దగ్గర మొదలైందే.

1890లో జరిగిన ఒక సంగతి, తండ్రులు వినాలని ప్రత్యేకంగా చెబుతున్నాను. వారానికోసారి కొడుకును చూడడానికి వచ్చే కార్లెస్, ఆ ఏడు అతనికి మొదటి పూర్తి పరిమాణపు చెల్లో కొనిపెట్టాడు. వడ్రంగానికి పంపాలనుకున్న తండ్రే కొనిపెట్టాడు. ఇద్దరూ కలిసి ఓడరేవు దగ్గర ఒక పాత సంగీత ప్రతుల దుకాణంలోకి, కెఫేలో వాయించడానికి కొత్త రచనలేమైనా దొరుకుతాయేమోనని వెళ్లారు. ఆ కాగితాల గుట్టల్లో జర్మన్ స్వరకర్త బాక్ ఒంటరి చెల్లో కోసం రాసిన ఆరు సూట్లు (నాట్య బాణీల్లో కట్టిన భాగాల వరుసను సూట్ అంటారు) పిల్లవాడి చేతికి దొరికాయి. అప్పట్లో వాటిని సాధనకు పనికొచ్చే అభ్యాసాలుగానే ఎక్కువమంది చూసేవారు, కచేరీలో ఒక సూట్ మొత్తాన్ని ఎవరూ వాయించేవారు కాదు. కసాల్స్ వాటిని రోజూ సాధన చేస్తూ, ఒక్క సూట్‌ను సభలో పూర్తిగా వాయించే ధైర్యం తెచ్చుకోవడానికి పన్నెండేళ్లు తీసుకున్నాడు. ఆ ఆరింటినీ 1936, 1939 మధ్య, అరవయ్యో పడిలో రికార్డు చేశాడు. ఇప్పుడు చెల్లో నేర్చుకునే ఏ పిల్లవాడూ బాక్ సూట్లు లేకుండా ఎదగడు. దాదాపు ఏ సంగీత కళాశాల ప్రవేశ పరీక్షా వాటిని వదిలిపెట్టదు.

ఇంతవరకు చెప్పి ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టే. మాడ్రిడ్‌లో రాజమాత మరియా క్రిస్టీనా నెలకు 250 పెసెటాల భృతి ఇచ్చి ఆదుకున్న తరువాత, 1895లో కసాల్స్ పై చదువుకు బ్రస్సెల్స్ వెళ్లాడు. అక్కడి ఆచార్యుడు తరగతి ముందు అతన్ని ఎగతాళి చేశాడు. అతను వాయించగా విన్న తరువాత చేర్చుకుంటానన్నాడు. పంతొమ్మిదేళ్లు కూడా నిండని ఆ కుర్రవాడు నాకు అక్కర్లేదని చెప్పి పారిస్ వెళ్లిపోయాడు. దాంతో భృతి ఆగిపోయింది. తల్లి, ఇద్దరు తమ్ముళ్లు కూడా వెంటే ఉన్నారు. ఒక వినోదశాలలో రెండో చెల్లో వాయించే పని దొరికింది. బండికి డబ్బు లేక వాద్యం మోసుకుంటూ నడిచి వెళ్లేవాడు. చలికి, ఆకలికి జబ్బుపడ్డాడు. తల్లి రాత్రిళ్లు కుట్టుపని చేసింది. ఒకరోజు తన పొడవాటి జుట్టు కత్తిరించి అమ్మి వచ్చింది. చివరికి అందరూ బార్సిలోనా తిరిగి రావలసి వచ్చింది. అదే పారిస్‌లో, 1899లో, లామురో ఆర్కెస్ట్రాతో వాయించిన తరువాతే ఆయన పేరు యూరప్ అంతా తెలిసింది.

పిలార్ చేసినట్టు చేయమని ఏ తల్లినీ అడగను. ఆ పేదరికంలో నాకు గొప్పతనమేమీ కనిపించదు. కళ కోసం ఆకలితో ఉండాలనే మాటను నేను నమ్మను. ఆ కథలో నేను మిమ్మల్ని చూడమనేది ఆమె త్యాగాన్ని కాదు, ఆమె చూపును. ఊరు ఏమంటుందో, పక్కింటివాళ్ల అబ్బాయి ఏం చదువుతున్నాడో చూడకుండా, ఆమె తన ఎదుట కూర్చుని వాయిస్తున్న పిల్లవాడిని చూసి నిర్ణయం తీసుకుంది.

కసాల్స్ గురించి ఇంకొక్క సంగతి. 1901లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర టమల్‌పాయిస్ కొండ మీద నడుస్తుండగా ఒక బండరాయి దొర్లివచ్చి ఆయన ఎడమచేతి వేళ్లను నలిపేసింది. ఆ క్షణంలో తన మనసులో మెదిలిన మొదటి ఆలోచన, ఇక జీవితంలో చెల్లో వాయించే పని లేదు కదా అన్న ఊరట అని ఆయనే తరువాత నిజాయితీగా చెప్పుకున్నాడు. వేదిక ఎక్కే ముందు కలిగే భయం ఆయనను జీవితమంతా వదలలేదు. అంతటివాడికే ఆ భయం ఉన్నప్పుడు, పోటీకి ముందు మీ అమ్మాయి చేతులు వణికితే “ఈ పిల్లకు ఇది పనికిరాదు” అని తేల్చేయకండి.

కసాల్స్ తరువాత మీలో చాలామంది విని ఉండే పేరు ఇంగ్లండ్ చెల్లో వాదకురాలు జాక్వెలిన్ డు ప్రే. 1945లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. ఆమె తల్లి ఐరిస్ పియానో వాదకురాలు. చిన్నారి కోసం తానే చిన్న చిన్న చెల్లో పాటలు కట్టి, పక్కన బొమ్మలు వేసి, రాత్రి నిద్రపోయాక మంచం దగ్గర పెట్టేదట. పొద్దున లేవగానే ఆ పిల్ల వాటిని వాయించడానికి పరుగెత్తేది. 1956లో, పదకొండేళ్ల వయసులో, పోర్చుగీసు చెల్లో విద్వాంసురాలు గిల్యెర్మినా సుజియా పేరిట నెలకొల్పిన విద్యార్థి భృతి ఆమెకు దక్కింది. చెల్లో గురువు విలియం ప్లీత్ దగ్గర పాఠాలకు ఆ డబ్బు ఉపయోగపడింది. పదహారేళ్లకు లండన్ విగ్‌మోర్ హాల్‌లో తొలి కచేరీ చేసింది. ఇరవయ్యేళ్లకు, 1965 ఆగస్టులో, జాన్ బార్బిరోలీ ఆర్కెస్ట్రాను నడిపిస్తుండగా, ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ రాసిన చెల్లో కన్చెర్టో (ఒక వాద్యం ముందుండగా ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన) రికార్డు చేసింది. ఆ రచన 1919లో తొలిసారి వినిపించినప్పుడు తగిన రిహార్సల్ లేక చప్పగా సాగిందని పేరు. ఆ రోజు చెల్లో వరుసలో కూర్చున్న కుర్రవాళ్లలో బార్బిరోలీ కూడా ఉన్నాడు. నలభై ఆరేళ్ల తరువాత అదే మనిషి ఈ అమ్మాయితో కలిసి దానికి ప్రపంచమంతా చెవులు తిప్పుకునేలా చేశాడు.

1971 నాటికి ఆమె వేళ్లకు స్పర్శ తగ్గడం మొదలైంది. మొదట్లో అది మనసుకు సంబంధించిన అలసట అన్నారు. 1973లో అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేలింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో లండన్‌లో, మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా నిర్వహణలో, ఎల్గార్ వాయించిన తరువాత లండన్ సభల్లో ఆమె మళ్లీ వాయించలేదు. పద్నాలుగేళ్లు జబ్బుతో గడిపి, 1987 అక్టోబరులో నలభై రెండేళ్లకే కన్నుమూసింది. చాలామంది ఈ జీవితాన్ని విషాదంగా మాత్రమే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో ముందు కనిపించేది లెక్క. ఆమె వృత్తి జీవితం పదహారు నుంచి ఇరవై ఎనిమిది దాకా, పన్నెండేళ్లు. “ముందు డిగ్రీ చేతికి రానీ, ఉద్యోగం స్థిరపడనీ, తరువాత నీ ఇష్టం వచ్చినంత వాయించుకో” అని ఆ ఇంట్లో ఎవరైనా అని ఉంటే, మనకు ఆమె చెల్లో నాదం ఒక్క రికార్డులో కూడా మిగిలేది కాదు.

ఈ ‘తరువాత’ అన్న మాట చెల్లో విషయంలో ఎందుకు చెల్లదో కాస్త వివరంగా చెప్పాలి. వయొలిన్ మీద తీగ మోగే పొడవు సుమారు 33 సెంటీమీటర్లైతే, చెల్లో మీద సుమారు 69. కింది స్థాయిలో ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య వేళ్లు చాచవలసిన దూరం అంతకంత పెద్దది. పై స్థాయికి వెళ్లేకొద్దీ ఆ దూరాలు దగ్గరవుతాయి. ఇంకా పైకి వెళితే బొటనవేలు మెడ వెనకనుంచి ముందుకు వచ్చి తీగ మీద అడ్డంగా పడుకోవాలి. గిటారుకు ఉన్నట్టు మెట్లు ఉండవు, గుర్తులు ఉండవు. చెవి ముందు వింటే చెయ్యి అక్కడికి వెళుతుంది. అందుకే ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు అని పిల్లల ఒడ్డూ పొడుగుకు తగిన చెల్లోలు ఉంటాయి. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు పూర్తి పరిమాణపు వాద్యానికి వస్తారు. అంటే చేతి ఎముకలు పెరగడం, చెవి పదును తేరడం, వాద్యం పెరగడం మూడూ ఒకేసారి జరిగే కాలం అది. సరిగ్గా ఆ కాలంలో వేసిన పునాది మీద పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య అసలు కట్టడం లేస్తుంది. మీరు ఆపేది ఆ రెండేళ్లను.

కర్ణాటక సంగీతం కూడా నేర్చుకున్న తెలుగు పిల్లలతో పాఠంలో నేను రోజూ చూసే ఒక సంగతి చెబుతాను. చూపుడువేలితో ఒక స్వరం మీద నుంచి పై స్వరానికి జారమంటే, మిగతా పిల్లలు గబుక్కున దూకి కాస్త పక్కన పడతారు. మన పిల్లలు జారుతూ, ఆ దారిని వింటూ, సరిగ్గా స్వరం మీద ఆగుతారు. గమకం విన్న చెవి అది. అయితే హైడన్ కన్చెర్టోలో ఆ జారుడు వినిపించకూడదు. వేలు తీగను వదలకుండానే, కమాను బరువు ఒక్క క్షణం తగ్గించి, దారిని దాచిపెట్టాలి. అదే బ్రామ్స్‌లోనో ఎల్గార్‌లోనో కొద్దిగా వినిపించనివ్వాలి. ఎంత దాచాలి, ఎంత వినిపించాలి అన్న ఆ ఎంపిక చేసే శక్తి మన పిల్లలకు ఇంట్లో విన్న పాటవల్ల ముందే వచ్చి ఉంటుంది. నేను చెప్పకముందే ఒక విద్యార్థిని ఆ తేడా పట్టుకుని, అదే పంక్తిని రెండు రకాలుగా వాయించి ఏది కావాలని నన్ను అడిగింది. అలాంటి చెవి ఉన్న పిల్లను పాఠం మాన్పించమని వచ్చే ఫోన్ అందుకోవడం ఒక గురువుకు ఎంత కష్టమో మీరు అర్థం చేసుకోగలరని నమ్ముతున్నాను.

మీలో చాలామంది నాతో ఇప్పటి ప్రసిద్ధ చెల్లో వాదకుడు యో-యో మా పేరు చెబుతారు. “ఆయన హార్వర్డ్‌లో చదివారు కదా” అంటారు. నిజమే, 1976లో అక్కడ పట్టా పుచ్చుకున్నారు. కానీ ఆయన 1955లో పారిస్‌లో చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టారు. తండ్రి నాలుగేళ్ల పిల్లవాడికి బాక్ సూట్‌ను రోజుకు రెండు ఆవర్తాల చొప్పున నేర్పారు. ఏడేళ్లకు వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కెన్నెడీ ఎదుట వాయించారు. హార్వర్డ్‌లో అడుగు పెట్టేనాటికే న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాలలో లెనర్డ్ రోజ్ శిష్యరికంలో ఏళ్లు గడిచాయి. హార్వర్డ్ ఆయనకు సాహిత్యం, మానవశాస్త్రం, లోకజ్ఞానం ఇచ్చింది. చెయ్యి మాత్రం అప్పటికే తయారై ఉంది. ఆయన జీవితం నుంచి పాఠం తీసుకోదలిస్తే, మొదటి పదిహేడేళ్లను కూడా కలిపి తీసుకోవాలి.

ఇక బతుకుతెరువు మాట. ఈ విషయంలో మీ భయం నిరాధారం కాదు. ఒక పెద్ద ఆర్కెస్ట్రాలో చెల్లో కుర్చీలు పది, పన్నెండుకు మించవు. ఎవరైనా పదవీ విరమణ చేస్తేనో, వేరే ఊరికి వెళితేనో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ ఒక్కదానికి దేశం నలుమూలల నుంచి పెద్ద సంఖ్యలో వాదకులు వస్తారు. ఆడిషన్, అంటే వాయించి వినిపించే ఎంపిక పరీక్ష, ఎలా జరుగుతుందో చూడని తల్లిదండ్రులకు దాని స్వరూపం తెలియాలి. న్యాయనిర్ణేతలకూ వాదకుడికీ మధ్య తెర కడతారు. నడిచే దారిలో తివాచీ పరుస్తారు, చెప్పుల చప్పుడు బట్టి ఆడో మగో తెలియకుండా. అభ్యర్థికి పేరు ఉండదు, సంఖ్య మాత్రమే. ఏదైనా అడగాలంటే పక్కనున్న సహాయకుడి చెవిలో చెప్పాలి. ఆ తరువాత హైడన్ డి మేజర్ కన్చెర్టో మొదటి పేజీలు, బాక్ సూట్‌లోంచి ఒక భాగం, ఆపైన ఆర్కెస్ట్రా రచనల్లోంచి ఏరిన ముక్కలు. బేతోవెన్ ఐదో సింఫనీ రెండో భాగంలో వయోలాలతో కలిసి మొదలుపెట్టే ఆ ప్రశాంతమైన రాగం, బ్రామ్స్ రెండో సింఫనీ నెమ్మది భాగపు ఆరంభం, స్ట్రౌస్ ‘డాన్ హువాన్’ మొదటి పేజీ, డెబుసీ ‘సముద్రం’లో చెల్లోలు పాయలుగా విడిపోయే చోటు. అవి అన్నీ పది నిమిషాల్లో ముగియవచ్చు. “థాంక్యూ” అన్న ఒక్క మాటతో ఇంటికి పంపవచ్చు. నెగ్గినవారికి కూడా ఏడాది, రెండేళ్ల పరిశీలన తరువాతే ఉద్యోగం ఖాయమవుతుంది.

నాకు ఈ తెర అంటే గౌరవం. మన ఇంటిపేరు, చర్మం రంగు, ఉచ్చారణ ఏవీ ఆ తెర దాటి వెళ్లవు. వలస వచ్చిన కుటుంబాలకు ఇంతకంటే నిష్పక్షపాతమైన పరీక్ష ఈ దేశంలో ఎన్ని వృత్తుల్లో ఉందో మీరే ఆలోచించండి.

సంగీతంలో పట్టా పొందినవారిలో ఎక్కువమందికి పూర్తికాలపు ఆర్కెస్ట్రా ఉద్యోగం రాదు. వారు నాలుగైదు పనులు కలిపి బతుకుతారు: ప్రాంతీయ ఆర్కెస్ట్రాల్లో కచేరీకి ఇంత అని వాయించడం, చతుష్టయాల్లో (నలుగురు వాదకుల బృందాల్లో) వాయించడం, స్టూడియో రికార్డింగులు, పెళ్లిళ్లు, బడుల్లోనూ ఇళ్లలోనూ పాఠాలు. వృత్తికి తగిన వాద్యం పదుల వేల డాలర్లు పలుకుతుంది, మంచి కమానుకు విడిగా ఖర్చు. మెడ, భుజం, మణికట్టు నొప్పులు వస్తాయి. చలికాలం హీటర్ల వేడికి గాలి పొడిబారి, పై పలక అతుకులు విడిపోతే ఆ వారం బాగుచేయించడానికి పోతుంది. ఇవన్నీ నేను మీ పిల్లలకు కూడా చెబుతాను. చెప్పిన తరువాత కూడా కావాలనే పిల్లలు ఉంటారు. నిజం తెలిసి కోరుకున్నవారికి, తెలియక కలలు కన్నవారికి మధ్య తేడాను తల్లిదండ్రులు గుర్తించాలి.

డబ్బు విషయంలో మన ఇళ్లలో తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థ 1928 నుంచి విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. ప్రతిభ ఒక్కటే అక్కడ ప్రవేశానికి కొలత. యేల్ విశ్వవిద్యాలయపు సంగీత పాఠశాలలో పై చదువులకు కూడా ట్యూషన్ లేదు. ఓబర్లిన్ కళాశాలలో ఐదేళ్లలో సంగీతంలో ఒక పట్టా, మరో శాస్త్రంలో ఒక పట్టా కలిపి తీసుకోవచ్చు. హార్వర్డ్‌కూ బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీకీ మధ్య అలాంటి ఉమ్మడి చదువే ఉంది. కనుక “సంగీతమా, చదువా” అని పిల్లలను నిలదీయవలసిన అగత్యం చాలా ఇళ్లలో లేనే లేదు. అయితే ఈ దారులన్నింటికీ ఒక గడువు ఉంది. ఎక్కువ కళాశాలలు పన్నెండో తరగతి డిసెంబరు మొదటి రోజులకల్లా రికార్డింగులు అడుగుతాయి. ఫిబ్రవరి ప్రాంతంలో ఎదురుగా కూర్చోబెట్టి వింటాయి. ఒక కన్చెర్టో, బాక్ సూట్లలోంచి రెండు భాగాలు, చెల్లో కోసం పాపర్ రాసిన అభ్యాసాల్లో ఒకటి ఆ స్థాయిలో సిద్ధం కావాలంటే పదో తరగతి నుంచే గురువుకూ ఇంటికీ మధ్య మాట జరగాలి. పదకొండులో పాఠాలు ఆపిన ఇంటికి ఈ దారులు అప్పుడే మూసుకుపోతాయి, ఆ సంగతి వారికి తెలియను కూడా తెలియదు.

సంఘాల పెద్దలతో ఇప్పుడు ప్రత్యేకంగా మాట్లాడతాను. పడమటి వాద్యం మనది కాదనే మాట మీ వేదికల మీద నేను విన్నాను. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడై, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో ఉన్నది ఏ దేశపు వాద్యం? పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ఒంటరి కచేరీకి నిలబెట్టిన ఘనత మన తెలుగువాడిది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చిన్ననాడే మాండలిన్ పట్టుకుంటే, దాని మీద కర్ణాటక సంగీతమా అన్నవాళ్లు తరువాత ఆయన కచేరీలకు క్యూ కట్టారు. ఆయన విషయంలో కూడా పిల్లవాడి చెయ్యి ఏ వాద్యం మీదికి పోతోందో గమనించి దారి ఇచ్చింది ఇంట్లోని తండ్రే. మన నేల మీద అలాంటి తండ్రులు ఉన్నారు, వారికి దక్కిన గౌరవమూ ఉంది. ఇప్పుడు మన పిల్లలు పట్టుకున్నది చెల్లో. అంతే తేడా.

మీ మహాసభల్లో యువతకు వృత్తి మార్గదర్శనం పేరిట జరిగే చర్చల్లో వైద్యులు, ఇంజనీర్లు, న్యాయవాదులు, వ్యాపారులు మాట్లాడతారు. ఆర్కెస్ట్రాలో పనిచేసే ఒక వాదకుడిని, ఒక సంగీత కళాశాల ఆచార్యుడిని కూడా ఆ వేదిక మీద కూర్చోబెట్టండి. పిల్లలు ప్రశ్నలు అడగనివ్వండి, తల్లిదండ్రులు జీతాల గురించి మొహమాటం లేకుండా అడగనివ్వండి. మీరు ఏటా ఇచ్చే విద్యార్థి వేతనాల్లో ఒకటి, చిన్నదైనా సరే, సంగీత కళాశాలలో చేరే తెలుగు విద్యార్థికి కేటాయించండి. పదకొండేళ్ల డు ప్రే చేతికి అందిన భృతి లాంటిది మన సంఘాల నుంచి మన పిల్లలకు అందడానికి డబ్బు అడ్డం కాదని మీ సభల ఏర్పాట్లు చూసినవారందరికీ తెలుసు.

తల్లిదండ్రులకు నా కోరిక చిన్నది. పదకొండో తరగతిలో పాఠం మాన్పించే ముందు, అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టి, నీకు ఏం కావాలని ఒక్కసారి అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ తరువాత గురువును కలవండి, మీ పిల్లల సామర్థ్యం గురించి దాపరికం లేకుండా చెప్పమనండి. మీ పిల్లలు ఈ వృత్తికి తగరని నాకు అనిపిస్తే ఆ మాట నేనే ముందుగా చెబుతాను. ఆ తరువాత కూడా వద్దని మీరు నిర్ణయిస్తే, ఆ నిర్ణయాన్ని గౌరవిస్తాను. కానీ కాలేజీ చేరాక కూడా వాద్యాన్ని అమ్మేయకండి. విద్యార్థి ఆర్కెస్ట్రాలు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంటాయి.

రాబోయే మహాసభల్లో, ప్రధాన వేదిక మీద కాకపోయినా, పక్కన ఒక చిన్న గదిలో అరగంట ఇప్పిస్తే నలుగురు తెలుగు పిల్లలతో ఒక చతుష్టయం వినిపించే బాధ్యత నాది. మైకులు, లైట్లు అక్కర్లేదు. పక్క హాల్లో స్పీకర్ల హోరు ఆ గదిలోకి రాకుండా చూడండి. చేతులు లేని గట్టి కుర్చీలు నాలుగు కావాలి, చెల్లో కింది ఇనుప మొన జారకుండా నేల మీద ఒక చిన్న తివాచీ ముక్క కావాలి. కార్యక్రమాల పట్టిక అచ్చుకు వెళ్లేలోగా మీ జవాబు తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒక చెల్లో ఉపాధ్యాయుడు,
న్యూజెర్సీ